నేటి చీటీ: పనుల జాబితాపై ఆరు వారాల ప్రాజెక్టు డైరీ

మొదలుపెట్టడానికి ముందు రోజు

కాగితం, కలం తప్ప మరేమీ అక్కరలేని ఒక పద్ధతితో రోజువారీ పనులను ఆరు వారాల పాటు నడిపించి, చేసిన ప్రతి మార్పు వల్ల ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టుగా రాసిపెట్టుకోవాలన్నది ఈ ప్రాజెక్టు ఉద్దేశం. పనుల జాబితాలు రాయడం నాకు కొత్త కాదు. పదేళ్లుగా రాస్తూనే ఉన్నాను. అయితే వాటిలో ఏ ఒక్కటీ రెండు వారాలకు మించి నిలవలేదు. మొదటి మూడు రోజులు శ్రద్ధగా రాయడం, ఆ తరువాత చేయని పనులు పేరుకుపోవడం, ఆ పేజీ తెరవడానికే మనసు ఒప్పకపోవడం, చివరికి కొత్త పుస్తకం తీసుకుని మళ్లీ మొదలుపెట్టడం ప్రతిసారీ జరుగుతూ వచ్చింది. లోపం నా పట్టుదలలో ఉందో, జాబితా రాసే తీరులో ఉందో తేల్చుకోవాలని ఈ డైరీ పెట్టుకున్నాను.

ఒక గీతల నోటుబుక్కు, అరచేతిలో ఇమిడే చీటీల కట్ట, ఒక కలం సిద్ధం చేసుకున్నాను. ప్రతి రాత్రి మూడు అంకెలు వేయాలి: రాసిన పనులెన్ని, పూర్తయినవెన్ని, మరునాటికి వెళ్లినవెన్ని. ఎంత తక్కువ జరిగిన రోజైనా ఈ అంకెలు వేయడం మానకూడదన్నది ఏకైక షరతు.

1వ రోజు

చెల్లాచెదురుగా ఉన్న పనులన్నిటినీ ఒక చోటికి చేర్చడానికి ఉదయం గంటన్నర పట్టింది. ఫోన్‌లోని నోట్సు, కంప్యూటర్ అంచున అతికించిన కాగితాలు, పాత డైరీ వెనుక పేజీలు, జవాబివ్వకుండా ఉంచిన మెయిళ్లు, ఎక్కడా రాయకుండా తలలోనే మోస్తున్నవి అన్నీ కలిపితే 63 తేలాయి. వాటిని వరసగా నోటుబుక్కులోకి ఎక్కిస్తున్నప్పుడే 11 పనులు ఎప్పుడో పూర్తయ్యాయని, మరో 5 పనుల గడువు దాటిపోయి ఇప్పుడు చేసినా ప్రయోజనం లేదని తెలిసింది. మిగిలిన 47లో 9 అసలు పనులే కావు. "పాత ఫొటోలన్నీ క్రమపరచాలి", "ఈత నేర్చుకోవాలి" వంటివి నెలల తరబడి సాగే సంకల్పాలు. వాటిని ఫోన్ బిల్లు కట్టడం పక్కనే రాస్తే రోజూ కళ్లబడతాయి, ఏ రోజూ పూర్తి కావు. వాటిని చివరి పేజీకి మార్చిన తరువాత చేయదగిన పనులు 38 మిగిలాయి.

ఈ వారమంతా పద్ధతి ఏదీ మార్చకుండా, అలవాటుగా ఎలా రాస్తానో అలాగే రాయాలని నిర్ణయించాను. పోల్చి చూడటానికి ఒక ఆధారం ఉండాలి కదా.

3వ రోజు

రాత్రి పడుకున్నాక గుర్తొచ్చే పనులు తగ్గాయి. ఇది కేవలం నా భ్రమా, దీనికి కారణమేదైనా ఉందా అన్న ఆసక్తితో కొంత చదివాను. బెర్లిన్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ దగ్గర పరిశోధన చేసిన బ్లూమా జైగార్నిక్ 1927లో ప్రచురించిన ప్రయోగాలలో, పూర్తి చేసిన పనుల కంటే మధ్యలో ఆపించిన పనులే మనుషులకు ఎక్కువగా గుర్తున్నాయని తేలింది. తరువాతి పరిశోధకులు చేసి చూసినప్పుడు ఈ ఫలితం అన్నిసార్లూ రాలేదు కనుక దానిని తిరుగులేని సూత్రంగా పట్టుకోవడం సరికాదు. నాకు ఎక్కువ ఉపయోగపడినది 2011లో మాసికాంపో, బామైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధన. నెరవేరని లక్ష్యం మనసును మాటిమాటికీ లాగుతుందని, దాన్ని ఎప్పుడు ఎలా చేయాలో నిర్దిష్టంగా ఆలోచించి పెట్టుకుంటే, పని ఇంకా పూర్తి కాకపోయినా ఆ లాగుడు తగ్గుతుందని వారు చూపారు. అంటే కాగితం మీద పెట్టడం ఒక్కటే చాలదు. ఎప్పుడు, ఎలా అన్నది కూడా అందులో ఉండాలి. నా 38 వరుసలలో ఆ రెండూ ఉన్నవి నాలుగైదుకు మించి లేవు.

7వ రోజు

వారం అంకెలు: రోజూ తిరిగి రాసినవాటితో కలిపి 91 వరుసలు రాశాను, 35 పూర్తయ్యాయి. రోజుకు 13 రాసి 5 చేసినట్టు. రోజుకు ఐదు పనులు చేయడం తక్కువేమీ కాదు. అయినా ప్రతి రాత్రీ ఆ పేజీ మిగిలిన ఎనిమిదింటినే చూపించింది.

ఈ సాయంత్రం పేజీలన్నీ ముందు పెట్టుకుని చూస్తుండగా, నాకు ఇన్నేళ్లుగా తట్టని విషయం తట్టింది. నేను ఒకే జాబితాతో రెండు వేరువేరు అవసరాలు తీర్చుకోవాలని చూస్తున్నాను. ఏదీ మరిచిపోకుండా దాచిపెట్టే చోటుగా అదే ఉండాలి. ఈ రోజు ఇవి చేస్తానని నాకు నేను ఇచ్చుకునే మాటగానూ అదే ఉండాలి. దాచే చోటు ఎంత పెద్దదైతే అంత మంచిది, ఎందుకంటే అందులో లేనిది తలలో తిరుగుతుంది. ఇచ్చే మాట మాత్రం రోజుకున్న గంటలలో ఇమిడేంత చిన్నదిగా ఉండాలి. ఈ రెండూ ఒకే కాగితం మీద ఉన్నంతకాలం, దాచుకున్న ప్రతి పనీ నిలబెట్టుకోని మాటలాగే కనిపిస్తుంది. రేపటి నుంచి వీటిని విడదీస్తున్నాను. నోటుబుక్కు పెద్ద జాబితాగా ఉంటుంది. ప్రతి రాత్రీ అందులోంచి కొన్నిటిని ఎంచి చీటీ మీద రాస్తాను. పగలు నోటుబుక్కు మూసి ఉంటుంది, చీటీ మాత్రమే బల్ల మీద ఉంటుంది.

8వ రోజు

చీటీ మీద ఎన్ని ఉండాలన్న ప్రశ్నకు తొలి జవాబుగా ఆరు అనే అంకె తీసుకున్నాను. ఈ అంకె వెనుక తరచుగా చెప్పే కథ ఒకటుంది. 1918లో అమెరికాలో బెత్లెహెం స్టీల్ అధిపతి చార్లెస్ ష్వాబ్‌కు ఐవీ లీ అనే సలహాదారు, రోజు ముగిసేటప్పుడు మరునాటి ముఖ్యమైన పనులు ఆరు మాత్రమే ప్రాధాన్య క్రమంలో రాసుకుని, మొదటిది ముగిసే వరకు రెండోది ముట్టుకోకుండా సాగమని చెప్పారని, మూడు నెలలు చూసిన తరువాత ష్వాబ్ ఆయనకు 25,000 డాలర్ల చెక్కు ఇచ్చారని అంటారు. చెక్కు సంగతి ఎలా ఉన్నా, ఆ సలహాలో నాకు విలువైనదిగా తోచింది వరస. పగలు పని మధ్యలో "ఇప్పుడు ఏది చేయాలి" అని ఎంచుకోవలసి వస్తే, నేను సులువైనదాన్నే ఎంచుకుంటానని మొదటి వారం పేజీలే చెబుతున్నాయి. ఆ ఎంపిక ముందు రాత్రే, తొందర లేని సమయంలో జరిగిపోతే ఉదయం ఇక చేయడమే మిగులుతుంది.

11వ రోజు

నిన్న రాత్రి చీటీ రాయలేదు. ఇల్లు చేరేసరికి బాగా ఆలస్యమైంది. ఈ రోజు చేసిన పనులను సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాస్తే తొమ్మిది వచ్చాయి. వాటిలో ఏడు ఇతరులు అడిగినవి. చీటీ లేని రోజు ఎవరి చేతిలో నడుస్తుందో ఇంత స్పష్టంగా ఇంతకుముందు చూడలేదు. ఇకపై చీటీని పడుకునే ముందు కాకుండా, పని బల్ల దగ్గర నుంచి లేచే ముందు పది నిమిషాలు కూర్చుని రాస్తాను.

14వ రోజు

ఆరు రోజులలో 36 రాసి 23 చేశాను. మొదటి వారంతో పోల్చితే పూర్తయిన పనుల సంఖ్య తగ్గింది. కానీ అసలు తేడా మిగిలిన వాటిలో ఉంది: ఆ వారం 56 వరుసలు మిగిలితే ఇప్పుడు 13 మిగిలాయి. పైగా పూర్తయినవాటిలో, చాలా కాలంగా వెనక్కి నెట్టుతూ వచ్చిన ఒక నివేదిక కూడా ఉంది.

అయితే ఒక వరుస మాత్రం ఆరు చీటీల మీదా ఉంది: "బీమా సంగతి చూడాలి." ఆరు సార్లు రాశాను, ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఎందుకని ఈ సాయంత్రం కూర్చుని ఆలోచిస్తే, ఆ వాక్యంలో చేయడానికి ఏమీ లేదని అర్థమైంది. "చూడాలి" అంటే ఏం చేయాలి? కాగితం వెతకాలా, చదవాలా, ఎవరికైనా ఫోన్ చేయాలా? ప్రతిసారీ ఆ వరుస దగ్గరకు రాగానే ముందు ఆ ప్రశ్నకు జవాబు వెతకవలసి వచ్చేది. పనిలో మునిగి ఉన్న మనిషికి ఆ వెతుకులాటే భారం, కనుక కన్ను పక్క వరుసకు జారేది. దాన్ని మూడుగా విడగొట్టాను. పాలసీ కాగితం బయటికి తీసి నంబరు రాసుకోవడం. వచ్చిన ఉత్తరం పూర్తిగా చదివి అడగవలసిన ప్రశ్నలు రాయడం. ఫోన్ చేసి ఆ ప్రశ్నలు అడగడం. మొదటి దానికి సరిగ్గా 12 నిమిషాలు పట్టింది.

దీనితో ఒక నియమం ఏర్పడింది. చీటీ మీది ప్రతి వరుసా చేతితోనో నోటితోనో చేసే పనిని చెప్పే క్రియతో ముగియాలి: రాయాలి, పంపాలి, అడగాలి, కట్టాలి, చదవాలి. "చూడాలి", "ఆలోచించాలి", "సర్దుబాటు చేయాలి", "పరిశీలించాలి" అనే మాటలు చీటీ మీదికి రాకూడదు. పెద్ద జాబితాలో అవి ఉండవచ్చు, ఎందుకంటే అక్కడికి పని ఏ రూపంలో వచ్చినా దాచవలసిందే. నోటుబుక్కు నుంచి చీటీకి ఎక్కేటప్పుడు మాత్రం క్రియ మారాలి. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కనుక వరుసల చివరి మాటలను పైనుంచి కిందికి ఒకసారి చదివితే చాలు, ఏది ఇంకా పనిగా మారలేదో వెంటనే పట్టుబడుతుంది. పది నిమిషాల కూర్పులో ఇప్పుడు ఎక్కువ సేపు ఈ మాట మార్పుకే వెచ్చిస్తున్నాను. ఈ ప్రాజెక్టులో ఇంతవరకు నేర్చుకున్న వాటిలో దీనికంటే విలువైనది నాకు కనిపించడం లేదు.

18వ రోజు

రెండు నిమిషాలలో అయిపోయే పనిని జాబితాలో రాయకుండా అప్పటికప్పుడే చేయాలనే సూత్రాన్ని నాలుగు రోజులు పాటించి చూశాను. ఒంటరిగా తీసుకుంటే అందులో తర్కం ఉంది. రాయడానికి, మళ్లీ చదవడానికి పట్టే సమయంలో పని పూర్తవుతుంది. కానీ ఉదయం పూట అలాంటివి వరసగా పది వచ్చినప్పుడు చీటీ మీది మొదటి పని మధ్యాహ్నానికి జరిగింది. అందుచేత చిల్లర పనులన్నిటికీ కలిపి సాయంత్రం అరగంట కేటాయించాను, చీటీ మీద అది ఒకే వరుస. సూత్రాన్ని ఆ అరగంటలో మాత్రం యథాతథంగా పాటిస్తున్నాను.

22వ రోజు

మరునాటికి వెళ్లే పనికి ఎడమ అంచున ఒక బాణం గుర్తు వేయడం మొదలుపెట్టాను. మళ్లీ వెళితే రెండో బాణం. మూడో బాణం పడిన పనిని అలాగే తిరిగి రాయడానికి వీల్లేదు. దాన్ని ఇంకా చిన్న ముక్కలు చేయాలి, లేదా ఎప్పుడు ఎక్కడ చేస్తానో రాయాలి, లేదా మరొకరికి అప్పగించాలి, లేదా కొట్టివేసి అది జరగదని సంబంధించినవారికి తెలియజేయాలి.

ఈ వారం మూడు బాణాలు పడ్డవి నాలుగు. ఒకదాన్ని విడగొట్టాను. ఒకదాన్ని కొట్టివేశాను, పాత సహోద్యోగి అడిగిన వ్యాసాన్ని నేను రాయలేనని ఆయనకు ఉత్తరం రాశాను. ఆ ఉత్తరం రాయడానికి ఇరవై నిమిషాలు పట్టింది, అది పంపే ముందు నేను చాలా బాధపడ్డాను కూడా. కానీ రెండు నెలలుగా ఆయనను ఎదురుచూసేలా చేయడం అంతకంటే పెద్ద తప్పు. మిగిలిన రెండూ నేను తప్పించుకుంటున్న ఫోన్ సంభాషణలు. వాటికి రెండో మార్గం వాడాను. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో రాసిన వ్యాసంలో, "ఫలానా సందర్భం రాగానే ఫలానా పని చేస్తాను" అనే రూపంలో తీర్మానించుకున్నవారు, చేయాలని మాత్రమే అనుకున్నవారి కంటే ఆ పనిని ఎక్కువగా చేస్తారని ప్రయోగాల ఆధారంగా వివరించారు. నేను "మధ్యాహ్న భోజనం ముగించి చేతులు తుడుచుకోగానే, కంప్యూటర్ తెరవక ముందే, కిటికీ దగ్గర నిలబడి ఫోన్ చేయాలి" అని రాశాను. రెండు ఫోన్లూ వరసగా రెండు రోజులలో పూర్తయ్యాయి. గడియారపు సమయం రాసినప్పుడు దాటిపోయేది. ఒక పని చివర మరో పనిని ముడివేసినప్పుడు దాటిపోలేదు.

28వ రోజు

ఈ వారం ప్రతి వరుస పక్కన ఎంత సేపు పడుతుందో ముందుగా అంచనా రాసి, చేశాక అసలు పట్టిన సమయం వేశాను. 20 పనులకు లెక్క దొరికింది. అంచనాల మొత్తం 11 గంటల 10 నిమిషాలు, నిజంగా పట్టింది 17 గంటలు. అంటే ఒకటిన్నర రెట్లు. ఇరవైలో 14 పనులు అంచనాను దాటాయి.

ఈ పొరపాటు నా ఒక్కడిదే కాదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్స్కీ 1979లోనే దీని గురించి రాశారు: పని ఎంత సేపు పడుతుందో లెక్కించేటప్పుడు మనిషి ఆ పనిలోని దశలనే ఊహించుకుంటాడు, అటువంటి పనులు గతంలో ఎంత కాలం పట్టాయో చూడడు. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థులు తమ సిద్ధాంత వ్యాసం పూర్తి చేయడానికి సగటున 33.9 రోజులు పడుతుందన్నారు, పట్టింది 55.5 రోజులు. నిష్పత్తి నా వారానికి దగ్గరగానే ఉంది.

అంచనా వేసే నైపుణ్యాన్ని మెరుగుపరచుకోవాలని రెండు రోజులు ప్రయత్నించి మానుకున్నాను. దానికంటే అంచనాను యథాతథంగా వేసి ఒకటిన్నరతో గుణించడం తేలిక, అది నిజానికి దగ్గరగానూ ఉంది. దీనితో ఆరు అనే పరిమితి కూడా పోయింది. ఆరు చిన్న పనులు రెండు గంటలలో ముగుస్తాయి, ఆరు పెద్ద పనులకు మూడు రోజులు చాలవు. సంఖ్య ఒక్కటే అయినా బరువు ఒక్కటి కాదు. సమావేశాలు, ఫోన్లు, ఇతరుల ప్రశ్నలు పోను నా చేతిలో ఉండేది రోజుకు నాలుగు గంటలని గత నాలుగు వారాల పేజీలు చెబుతున్నాయి. కనుక చీటీ మీది అంచనాల మొత్తం 2 గంటల 40 నిమిషాలకు మించకూడదు. దాన్ని ఒకటిన్నరతో గుణిస్తే సరిగ్గా నాలుగు గంటలవుతుంది. మొదటిసారి అలా రాసిన చీటీ మీద నాలుగే వరుసలున్నాయి. ఇంత తక్కువ రాస్తే సోమరితనం అవుతుందేమోనన్న సంకోచం కలిగింది, కానీ ఆ రోజు నాలుగూ పూర్తయ్యాయి.

31వ రోజు

మూడు రోజులు చీటీకి బదులు ఫోన్‌లోని యాప్ వాడి తిరిగి కాగితానికి వచ్చాను. యాప్‌లో పూర్తి కాని పని దానంతట అదే మరునాటికి వెళుతుంది. ఆ సౌకర్యమే నాకు ఇబ్బందిగా మారింది, ఎందుకంటే కాగితం మీద అదే వరుసను మూడోసారి చేత్తో రాస్తున్నప్పుడు కలిగే విసుగు వల్లనే నేను ఆగి ఆలోచించాను. తేదీకి కట్టుబడినవి, నెల నెలా వచ్చేవి మాత్రం ఫోన్ క్యాలెండర్‌లో ఉంచాను. వాటిని కాగితం గుర్తు చేయలేదు.

33వ రోజు

చీటీని మూడింట రెండు వంతుల దగ్గర అడ్డగీత గీసి, కింది భాగానికి "మధ్యలో వచ్చినవి" అని పేరు పెట్టాను. పగలు ఎవరేం అడిగినా, నాకేం గుర్తొచ్చినా అక్కడ ఒక వరుస రాసి చేతిలోని పనికి తిరిగి వస్తాను. ఈ రోజు అక్కడ ఎనిమిది చేరాయి. సాయంత్రం చూస్తే ఆ రోజే తప్పక చేయవలసినవి రెండు. నాలుగు పెద్ద జాబితాలోకి వెళ్లాయి, రెండు అడిగినవారే చేసేసుకున్నారు. తొందరవి ముఖ్యమైనవి కావని, ముఖ్యమైనవి ఎన్నడూ తొందరవి కావని అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1954లో ఒక ప్రసంగంలో మరొకరి మాటగా చెప్పారు. ఎన్నడూ అన్నది కొంచెం ఎక్కువేమో. ఈ రోజు ఆ రెండూ నిజంగా ముఖ్యమైనవే. అయినా అడిగిన క్షణంలో ఎనిమిదీ ఒకే తొందరతో కనిపించాయి, వాటి మధ్య తేడా తెలియడానికి కొన్ని గంటలు గడవవలసి వచ్చింది.

38వ రోజు

ఉదయం పదకొండింటికే రోజు తలకిందులైంది. ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగోలేక వైద్యుడి దగ్గరకు వెళ్లవలసి వచ్చింది. ఇదివరకు ఇలాంటి రోజున జాబితాను పక్కన పడేసేవాడిని, అలా పడేసిన జాబితా మళ్లీ తెరుచుకునేది కాదు. ఈసారి తిరిగి వచ్చాక మధ్యాహ్నం మూడింటికి పాత చీటీకి అడ్డంగా గీత కొట్టి, మిగిలిన రెండు గంటలకు సరిపోయే కొత్త చీటీ రాశాను. అందులో ఒకే పని ఉంది, దాన్ని చేశాను. పాత చీటీలోని మిగతా మూడింటికి బాణాలు వేయలేదు. నేను వెనక్కి నెట్టిన పనికి, పరిస్థితి ఆపిన పనికి ఒకే గుర్తు వేస్తే బాణాల లెక్క చెడిపోతుంది.

42వ రోజు

చివరి వారంలో 29 రాసి 25 పూర్తి చేశాను. మిగిలిన నాలుగులో మూడు 38వ రోజువి, వాటిలో రెండు ఆ తరువాత పూర్తయ్యాయి. యాప్ వాడిన మూడు రోజులను పక్కన పెడితే, చీటీ మొదలుపెట్టాక అది లేని రోజు ఒక్కటే.

పెద్ద జాబితాలో ఈ రోజుకు 44 వరుసలున్నాయి. మొదటి రోజున్న 38 కంటే ఎక్కువే. అది తగ్గుతుందని మొదట్లో ఆశించాను, ఇప్పుడు తగ్గాలనే కోరిక లేదు. గుర్తొచ్చిన ప్రతిదాన్నీ నమ్మకంగా అందులో వేస్తున్నాను కనుక అది పెరుగుతోంది. అయితే దాన్ని మొత్తంగా చదవడానికి వేళ ఇంకా కుదరలేదు. చీటీ రాసే పది నిమిషాలలో మొదటి రెండు పేజీలే చూస్తున్నానని, మూడో పేజీలోని పనులు మూడు వారాలుగా చీటీకి ఎక్కలేదని ఈ రోజు లెక్క చూస్తే తెలిసింది. వారానికొకసారి అరగంట కూర్చుని చివరి పేజీ నుంచి వెనక్కి చదవడాన్ని వచ్చే ఆరు వారాలలో ప్రయత్నిస్తాను. రేపటి చీటీలో మొదటి వరుస అదే: "పెద్ద జాబితా మూడో పేజీ చదివి, అక్కరలేనివి కొట్టివేయాలి." అంచనా 20 నిమిషాలు.